బంగారము వెదకబోవు వారికి కొన్ని మాటలు



తొలకరి చినుకు పడగానే మన సీమలో రెండు విధములైన వారు పొలములకు బయలుదేరుదురు. ఒకరు గొఱ్ఱుతోను విత్తనపు సంచితోను పోవు రైతులు. రెండవవారు చేతిలో చిన్న సంచి మాత్రము పట్టుకొని, నేలమీద చూపు నిలిపి, అడుగులో అడుగు వేయుచు పోవువారు. జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి పొలములలో వీరు ప్రతి యేట కనబడుదురు. మన నంద్యాల దిక్కున నైతే, గిద్దలూరు పోవు త్రోవలో గాజులపల్లె ప్రాంతమున, సర్వనరసింహస్వామి ఆలయ సమీపపు వంకయొద్ద కనబడుదురు. వాన కడిగిన నేలలో మెఱసెడి రాయి కొఱకు వీరి వెదకులాట. వజ్రము కొఱకు పోయినవారికి బంగారము మీదను ఆశ కలుగుట సహజమే. "వజ్రము దొరకెడి నేలలో బంగారమేల దొరకదు? కొత్తగా వెదకువారికి సర్కారు అనుమతించిన చోటు ఏది?" అని నంద్యాలలోను ఆళ్ళగడ్డలోను అడుగువారు కలరు. ఆ ప్రశ్నకు మాకు తెలిసినంత మేర జవాబు చెప్పుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

జవాబు ముందుగానే చెప్పెదము. లైసెన్సు లేని సామాన్యుడు పోయి బంగారము వెదకుకొనవచ్చునని చట్టము విడిచిపెట్టిన నది గాని, కొండ గాని, అడవి గాని మన దేశమున లేదు. కాని "లేదు" అన్నంత మాత్రమున ఆశ తీరదు. ఎందుచేత లేదు, అనుమతి ఎవరికి ఇత్తురు, ఆశ గలవాడు న్యాయముగా చేయగల పని ఏమి అను మూడు సంగతులను వరుసగా విచారింతము.

మొదట నేల సంగతి. నంద్యాల లోయకు తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. నడుమ కుందూ నది దక్షిణముగా పాఱి కడప సీమలో పెన్నను కలియును. ఈ ప్రాంతపు శిలలను గూర్చి విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. నేటికిని ఆ శాస్త్రములో ఇచ్చటి రాతిపొరలకు ఎక్కువగా మన యూళ్ల పేరులే వాడుదురు. అన్నిటికి అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు. దానిమీద నార్జి సున్నపురాయి, ఔకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి. అన్నిటికి పైన నంద్యాల షేలు. షేలు అనగా బురద గట్టిపడి పలుచని పొరలుగా ఏర్పడిన రాయి. ఇవన్నియు ఒకనాటి సముద్రములో ఇసుక, సున్నము, బురద పేరుకొనగా ఏర్పడినవి. సిమెంటుకు సున్నపురాయి, ఇండ్లకు బేతంచెర్ల నాపరాళ్లు ఈ పొరలు మనకిచ్చిన సిరి. అడుగునున్న బనగానపల్లె పొరలోని గులకరాళ్ల నడుమ పూర్వకాలమున వజ్రములను త్రవ్వి తీసిరి. వజ్రములు వేఱొకచోట పుట్టి, నీటితో కొట్టుకొనివచ్చి ఆ గులకరాళ్లలో చేరినవి.

బంగారపు పుట్టుక వేఱు. గని త్రవ్వదగిన బంగారము దక్షిణదేశమున మిక్కిలి పురాతనములైన షిస్టు శిలల పట్టీలలో ఉన్నది. వాని వయస్సు 250 కోట్ల సంవత్సరములకు పైమాట. ఆ శిలలను చీల్చుకొని వచ్చిన తెల్లని పలుగురాతి నరములలో బంగారము కంటికి కానరానంత సన్నగా చెదరియుండును. కోలారు, హట్టి, రామగిరి, జొన్నగిరి అట్టి పట్టీలలోనివే. నంద్యాల, ఆళ్ళగడ్డల చుట్టునున్న నల్లరేగడి క్రింద ఆ జాతి శిల బయటపడలేదు. కాబట్టి ఇచ్చటి పొలములలో బంగారపు గనిని వెదకుట నేతిబీరకాయలో నెయ్యి వెదకుట వంటిది. పేరు చూచి మోసపోరాదు.

జొన్నగిరి సంగతి ఇందుకు భిన్నము. నంద్యాలకు పడమరగా పోయినచో ఆ యూరు వచ్చును. దాని సమీపముననే ఎఱ్ఱగుడి కడ అశోకుని శాసనములు బండలమీద చెక్కబడియున్నవి. కర్ణాటకమున బ్రహ్మగిరి కడ దొరకిన అశోకుని శాసనములో సువర్ణగిరి అను పట్టణము పేరు వచ్చును. అచ్చటనుండి రాజకుమారుడు ఆజ్ఞలు పంపుచుండెను. ఆ సువర్ణగిరి మన జొన్నగిరియే యని కొందఱు పండితులు, కాదు మస్కి యనియు కనకగిరి యనియు మఱికొందఱు చెప్పుదురు. ఆ వాదము ఎట్లున్నను, జొన్నగిరి నేలలో బంగారమున్నదనుట నిజము. పూర్వులు త్రవ్విన గోతుల గుఱుతులు అచ్చట కలవు. కాని ఆ నేలలో సుమారు 600 హెక్టార్లమీద ఒక కంపెనీకి ప్రభుత్వము గని లీజు నిచ్చినది. లీజు గల చోట పరులు గడ్డపార వేయరాదు.

ఇక బంగారము ఎంత పలుచగా ఉండునో ఒక లెక్క చూతము. నేటి గనులలో ఒక టన్ను రాతికి ఒకటి రెండు గ్రాముల బంగారమున్నను పని సాగింతురు. ఆడపిల్ల పెండ్లికి మూడు తులముల గొలుసు కావలెననుకొందము. మూడు తులములు అనగా సుమారు 35 గ్రాములు. టన్నుకు గ్రామున్నర చొప్పున పడిన రాతిలోనుండి, ఒక్క రజనైనను పోకుండ తీసినను, 23 టన్నులకు పైగా రాయి పగులగొట్టి, పిండి చేసి, కడుగవలెను. అది పాఱతోను జల్లెడతోను అగు పని కాదు. కోలారులో జాన్ టేలరు కంపెనీ 1880లో పని మొదలుపెట్టెను. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడువఱకు 800 టన్నులకు పైగా బంగారము వెలికి వచ్చెను. అందుకై 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగవలసి వచ్చెను. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగువారు ఎందఱో అచ్చట కూలిచేసిరి. బంగారము కంపెనీకి పోయినది. కూలివానికి మిగిలినది కూలి, రాతిధూళి పట్టిన ఊపిరితిత్తులు.

రెండవ సంగతి చట్టము. గనులు, ఖనిజముల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టము 1957లో వచ్చెను. దాని నాలుగవ సెక్షను ప్రకారము లైసెన్సు గాని లీజు గాని లేనిదే ఎవ్వరును ఖనిజముల అన్వేషణ చేయరాదు, గని త్రవ్వరాదు. అన్వేషణ అను మాటకు ఆ చట్టము చెప్పిన అర్థము మిక్కిలి విశాలమైనది. ఖనిజ నిక్షేపమును వెదకుటకు, అది ఉన్న చోటు గుఱుతించుటకు, దాని పరిమాణము రుజువు చేయుటకు జరుపు ఏ పనియైనను అందులోనికి వచ్చును. సరదాకు వెదకువారికని, కొత్తవారికని, చేతిపనిముట్లతో వెదకువారికని అందులో మినహాయింపు వ్రాయలేదు. మినహాయింపు గలది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలకును, ప్రభుత్వము గుర్తించి ప్రకటించిన అన్వేషణ సంస్థలకును మాత్రమే.

నిషేధమును మీఱిన వారికి 2015 సవరణ తరువాత శిక్ష పెరిగినది. 5 సంవత్సరముల వఱకు ఖైదు, హెక్టారుకు 5 లక్షల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. అధికారము లేక వెలికితీసిన ఖనిజమును ప్రభుత్వము తిరిగి తీసికొనవచ్చును. అమ్మివేసినచో దాని వెలను రాబట్టవచ్చును. ఈ తుదిమాట వినదగినది. రాయి దొరకిన మఱునిమిషమే దళారి వచ్చి చెవిలో ఒక ధర చెప్పును. దొరకినవాడు భయముచేతనే సగము ధరకు, పాతిక ధరకు అమ్ముకొనును. వానికి బిల్లు లేదు, సాక్షి లేడు, అడుగుటకు నోరు లేదు. చట్టము వెలుపల జరిగిన బేరములో బీదవాడే ఎల్లప్పుడును నష్టపోవును.

"ఏటేట వందలాది మంది పోవుచున్నారు గదా, ఎవరు పట్టుకొనిరి?" అని కొందఱు అడుగుదురు. పైపైన రాళ్లేరు వారిని చూచి అధికారులు పలుమారులు ఊరకుందురు, నిజమే. కాని ఊరకుండుట వేఱు, అనుమతించుట వేఱు. ఊరకున్నవాడు రేపు పట్టుకొన్నచో, నిన్న ఊరకుంటివి గదా అని వాదించుటకు వీలు లేదు.

లైసెన్సు ఎట్లు లభించును? 2015 నుండి బంగారము వంటి ఖనిజములకు లైసెన్సులను, లీజులను వేలము ద్వారా ఇచ్చుచున్నారు. 2023 సవరణ ద్వారా బంగారము, వజ్రము మున్నగు లోతైన ఖనిజముల కొఱకు అన్వేషణ లైసెన్సు అను క్రొత్త పద్ధతి వచ్చినది. అదియు వేలములోనే. దాని క్రింద ఒక్కొక్క లైసెన్సుకు 1000 చదరపు కిలోమీటర్ల వఱకు ఇయ్యవచ్చును. ఇంత విశాలమైన నేలను పరిశోధింపగల స్తోమత, భద్రత ధనము చూపవలెను. చట్టము భారతీయ పౌరునికి తలుపు మూయలేదు. కాని ఆ తలుపు ఎత్తు సామాన్యునికి అందునది కాదు.

"నా పొలము నాది, అందులో నేను వెదకుకొన్న తప్పేమి?" అని రైతు అడుగవచ్చును. మంచి ప్రశ్న. కేరళ కేసు ఒకదానిలో సుప్రీం కోర్టు 2013లో తీర్పు చెప్పుచు, చట్టము తీసివేసిన చోట తప్ప, సాధారణముగా భూస్వామికే అడుగునున్న ఖనిజముపై హక్కు గలదనెను. అయినను హక్కు ఉండుట ఒకటి, త్రవ్వుటకు అనుమతి ఉండుట మఱియొకటి. 1957 చట్టము విధించిన లైసెన్సు నియమము భూస్వామికిని వర్తించును. పరుల పొలములో నైతే రైతు ఒప్పుదల లేనిదే కాలు పెట్టుటయు తప్పే.

అడవి మాట చెప్పనే అక్కరలేదు. గాజులపల్లె దిక్కునను, ఆళ్ళగడ్డకు తూర్పున అహోబిలము దిక్కునను నల్లమల మొదలగును. ఆ కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరము వన్యప్రాణి అభయారణ్యము, నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల సంరక్షణ ప్రాంతము కలవు. అడవిలోని రాయి, మట్టి, ఖనిజము కూడ అటవీ సంపదయే. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అచ్చట అదనముగా వర్తించును. స్వామి దర్శనమునకు పోవు త్రోవ అందరిదే. త్రోవ విడిచి వంకలో గొయ్యి తీయుట నేరము.

ఇచ్చటనే మఱియొక భ్రమను తీర్పవలసియున్నది. బంగారమనగానే మనవారిలో కొందఱికి ఖనిజము కాక లంకెబిందెలు జ్ఞప్తికి వచ్చును. పాడుపడిన గుడులను, రాతి నందులను, కోట బురుజులను గుప్తనిధుల కొఱకు పగులగొట్టు దుష్కృత్యము మన ప్రాంతమున తరచుగా వినవచ్చుచున్నది. దాచిన నిధికి 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము వేఱుగా కలదు. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో, దొరకిన వస్తువేమో, ఎచ్చట, ఏనాడు దొరకెనో కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. విచారణలో సొంతదారు లేడని తేలినచో, వేఱు ఒప్పందము లేనంతవఱకు, దొరకినవానికి ముప్పాతిక, స్థలము గలవానికి పాతిక చెందును. ప్రభుత్వమే దానిని తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవవంతు కలిపి ఇయ్యవలెను. దాచిపెట్టినవాడు తన వంతు పోగొట్టుకొనుటయే గాక ఖైదునకును గుఱి యగును. బావి త్రవ్వుచుండగా దైవవశమున దొరకినదానికి ఈ చట్టము రక్ష. గుడిని పగులగొట్టినవానికి ఏ చట్టమును రక్ష కాదు.

ఈ ఆశతో వ్యాపారము చేయువారును కలరు. పొలములో బంగారమున్నదని చెప్పు మంత్రగాడు, భూమి అడుగున లోహము చూపునని పరికరము నమ్మువాడు, మెఱసెడి రాతిని ముద్ద బంగారమని చూపి అడ్వాన్సు తీసికొనువాడు, ముగ్గురును ఒక్క తెగవారే. వారినుండి కాపాడుకొనుటకు కొన్ని గుఱుతులు తెలిసికొనుడు. అభ్రకపు రేకులు ఎండలో తళతళలాడును. గోటితో రేకులుగా లేచిపోవును. ఇనుము, గంధకము కలిసిన పసుపుపచ్చని మాక్షికము చూపునకు అచ్చముగా బంగారమే. సుత్తితో కొట్టినచో పొడియగును, గరుకైన పింగాణి మీద గీచినచో నల్లని చార పడును. బంగారము కొట్టినచో పగులక రేకుగా సాగును. ఒరగల్లుమీద పసుపు చారయే వేయును. ఇంతకంటె లోతైన పరీక్ష కంసాలికిని ప్రయోగశాలకును విడిచిపెట్టవలెను. ఇంటిలో పాదరసముతో బంగారము తీయబూనుట ప్రాణాంతకము. పాదరసపు ఆవిరి కంటికి కనబడదు. పిల్లల మెదడును, గర్భిణి కడుపులోని శిశువును దెబ్బతీయును.

మఱి లోకములో ఎచ్చటనైనను సామాన్యునికి ఈ హక్కు కలదా? కలదు. మన ఇండ్ల బిడ్డలు నేడు మెల్‌బోర్నులోను ఆక్లండులోను కాపురములున్నారు గనుక ఆ సంగతియు తెలిసియుండుట మేలు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1851లో బంగారము బయటపడెను. దొరకినను దొరకకున్నను నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము కట్టవలెనని అప్పటి ప్రభుత్వము పీడించెను. బల్లరాట్ కడ త్రవ్వువారు తిరుగబడిరి. 1854 డిసెంబరు 3న యురేకా దడికడ రక్తము ప్రవహించెను. మఱుసటి సంవత్సరము ఆ రుసుము పోయి, ఏటికి ఒక పౌనుతో మైనర్స్ రైటు అను హక్కుపత్రము వచ్చెను. ఆ పత్రము పేరు నేటికిని నిలిచియున్నది. విక్టోరియాలో స్వల్ప రుసుము చెల్లించి దానిని పొందినవారు చేతిపనిముట్లతో బంగారము వెదకుకొని, దొరకినదానిని తామే ఉంచుకొనవచ్చును. ప్రైవేటు నేలలో యజమాని ఒప్పుదల కావలెను. జాతీయవనములలో ఎక్కువ భాగము నిషిద్ధము. త్రవ్విన గొయ్యి పూడ్చవలెను. న్యూజిలాండు దక్షిణదీవిలో కొన్ని చోట్లను ప్రభుత్వము ఎల్లలు గీచి ప్రజలకు విడిచినది. ఆరోటౌను కడ ఆరో నది అట్టిది. పళ్లెము, పాఱ పట్టుకొని ఎవరైనను ఇసుక కడుగవచ్చును. మోటారు యంత్రములు మాత్రము పనికిరావు. అచ్చటి బంగారమును స్వదేశమునకు తెచ్చునప్పుడు కస్టమ్సు నియమములను పాటింపవలెను.

మన దేశమున అట్టి గీత గీచిన చోటు లేదు. ఉండవలెనా? వజ్రపు రాళ్లకైనను, పైరు లేని దినములలో, రైతు ఒప్పుదలతో, చీటీ ఇచ్చి, దొరకినదానిని బహిరంగముగా తూచి, వెల కట్టు ఏర్పాటున్నచో దళారి చేతినుండి బీదవాడు బయటపడునని మాకు తోచుచున్నది. అది శాసనము చేయువారు ఆలోచింపవలసిన పని. అట్టి చట్టము వచ్చువఱకు ఉన్న చట్టమును ఎఱిగి నడచుకొనుటయే క్షేమము.

ఇక మూడవ సంగతి: ఆశ గలవాడు న్యాయముగా ఏమి చేయవచ్చును? నేర్చుకొనవచ్చును. ఇసుకకంటె బంగారము ఏడు రెట్లకు పైగా బరువైనది. పళ్లెములో నీటితో త్రిప్పినచో తేలికైనది పోయి బరువైనది అడుగున నిలుచును. కంసాలి వీధి దుమ్మును, కాలువ బురదను కడిగి రజను తీయు జలగరివాండ్రు చేయునది ఈ పనియే. సైకిలు బేరింగు గుండ్లను కొన్నిటిని ఇసుకలో కలిపి ఇంటి పెరటిలోనే పిల్లలు ఈ కడుగుట నేర్చుకొనవచ్చును. 1851లో స్థాపితమైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తన పటములను భూకోశ్ అను ఇంటర్నెట్టు భాండారములో ప్రజలకు తెఱచియుంచినది. మన యూరి క్రింద ఏ రాయి ఉన్నదో అందు చూడవచ్చును. శ్రద్ధ గల విద్యార్థికి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూగర్భ శాస్త్రము కలదు. ఆ శాస్త్రము చదివినవానికి, ప్రభుత్వ జీతముతో, ప్రభుత్వ అనుమతితో బంగారము వెదకు ఉద్యోగమే లభింపవచ్చును. లైసెన్సు విషయమై సందేహమున్నవారు జిల్లా గనుల, భూగర్భ శాఖ కార్యాలయమునకు పోయి, జవాబును కాగితముమీద అడిగి తీసికొనుట మంచిది. నోటిమాట రేపు నిలువదు.

తొలకరి దినములలో ఒకనాడు, విత్తిన పొలములో రాళ్లేరువారిని చూచి ఒక వృద్ధ రైతు అన్న మాట మేము విన్నాము. "నాయనా, మీకు రాయి దొరికితే మీ అదృష్టము. దొరక్కపోతే నా విత్తనం తొక్కిన పాపమన్నా మీకెందుకు?" అనెను. కోపము లేదు, గొంతులో అలసట మాత్రమే ఉండెను. ఆ యేటి విత్తనము అప్పు తెచ్చి వేసినది. వెదకువారును అప్పు తెచ్చి, కూలి మానుకొని, బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చినవారే. ఇరువైపుల బీదవారే ఉన్న ఈ తగవులో నేల ఎవరిదో, అనుమతి ఎవరిదో ముందే తెలిసియున్నచో ఆ పైరైనను నిలిచెడిది.

ఆళ్ళగడ్డ శిల్పుల పనిచోట్ల ఒక వాడుక కలదు. ఉలి పట్టకముందు శిల్పి బండను సుత్తితో మెల్లగా తట్టి, దాని నాదము వినును. లోపల పగులున్న రాయి వేఱుగా మ్రోగును. పగులు తెలిసిన పిమ్మట ఆ బండమీద పని వ్యర్థము చేయడు. బంగారము వెదకబోవు గృహస్థులును ఇల్లు విడువకముందే ఆ నేలను, ఆ చట్టమును ఒకసారి అట్లు తట్టి చూచుకొనవలెనని మా ప్రార్థన.